కాజీ సారు తిరగేసిన కుర్చీలు

ప్రొఫెసర్ కాజిమిర్ బొరూతను నేను మొదటిసారి చూసేసరికి ఆయన రెండు చేతులూ మా కుర్చీ కాళ్ళ మీద ఉన్నాయి. కుర్చీ బోర్లా పడి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దాని అడుగున తల దూర్చారు. ఆ మనిషికున్న జబ్బు అదొక్కటే. ఏ కుర్చీనైనా తిరగేసి అడుగు చూడందే కూర్చోరు.

"ఏమప్పా, దీన్ని ఎవురు చేసినారు?" అన్నారు తల బయటికి తీసి.

నా సుత్తి జారి కాలి మీద పడింది. తెల్లటి మనిషి, నీలి కళ్ళు, నోట్లో మా రాయచోటి తెలుగు!

తరవాత తెలిసింది. ఆయనది పోలండు. చదువుకునే రోజుల్లో ఆయన రాసిన చరిత్ర అక్కడి సర్కారుకు నచ్చక దేశం విడిచారట. ఎన్నో దేశాల్లో పాఠాలు చెప్పి కువైట్ చేరారు. పని కోసం సముద్రం దాటినవాళ్ళ మీద పుస్తకం రాస్తున్నారు. దాని కోసం ఫర్వానియాలో మావాళ్ళ గదిలో ఒక మంచం తీసుకుని, రాగిసంగటి తింటూ, మా మాట నేర్చేసుకున్నారు. కాజిమిర్ అనడం మాకు చేతకాక కాజీ సారు అన్నాం. నిజంగా కాజీ అనుకుని నిఖా చదివించమని వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఆ రోజు ఆయన చూసిన కుర్చీ మా వడ్రంగి లాల్ బాషా చాచాది. నేను సోఫాలకు గుడ్డ వేస్తాను. చాచా కొయ్యపని చేస్తాడు.

"ఈ నల్లచుక్క ఏందప్పా?" అన్నారు సారు, కుర్చీ అడుగున మూల అతుకును వేలితో తడుముతూ.

"చింతచేవ సీల సార్," అన్నాడు చాచా. "సముద్రం గాలికి ఇనుప మేకు తుప్పు పడతాది. ఇది బిగుసుకుంటాది. ఊరికి పోయినప్పుడల్లా మూటగట్టి తెచ్చుకుంటా."

"విమానంలో కట్టెపుల్లలు మోసేది కువైట్ మొత్తానికి ఈయనొక్కడే," అన్నాను నేను.

"రంపంపొట్టుతో దిండ్లు నింపేటోడివి, నీకేం తెలుసురా?" అన్నాడు చాచా.

సారు నవ్వలేదు. ఆ చుక్కను చాలాసేపు చూశారు.

ఇది జరిగిన కొన్నాళ్ళకే మా కఫీల్, అంటే మా వీసాలు చూసే యజమాని, అబూ సాలెం దుకాణానికి వచ్చాడు. చాచా చేతి వణుకు చూశాడు. "లాల్ బాషా, ఖలాస్, ఇక చాలు. ఈ చేత్తో చేసింది ఎన్నాళ్ళు నిలుస్తుంది? నెలాఖరుకు ఇఖామా అయిపోతుంది, ఇంక డబ్బు కట్టను," అనేశాడు. ఇఖామా లేకుంటే ఈ దేశంలో ఉండనివ్వరు.

చాచా కూతురు షబ్నమ్ నర్సింగు చదువు ఇంకా పూర్తి కాలేదు. అదొక బాధ. "పనికిరాని చెయ్యి అనిపించుకుని పోవాల్నా జమీరూ?" అన్నాడు నాతో. అది ఇంకా పెద్ద బాధ.

సారు ఆ మూలే కూర్చుని అంతా విన్నారు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళు ఇంతేలే అనుకున్నాను.

ఆ వారం నుంచి ఆయన జబ్బు ముదిరింది. మిర్కాబ్‌లో ఒక ఆఫీసుకు వెళ్ళి, మేనేజరు చెయ్యి కలపడానికి లేవగానే వెనక్కి వెళ్ళి ఆయన కుర్చీ తిరగేశారట. మేనేజరు చూసుకోకుండా నేల మీద కూర్చున్నాడు. కాపలా హబీబ్ నాకు ఫోను చేశాడు. "నీ తెల్లాయన మా దగ్గరున్నాడు, వచ్చి తీసుకుపో!" వెళ్ళి చూస్తే హబీబ్ నిలబడి ఉన్నాడు. అతని స్టూలు కూడా బోర్లా ఉంది.

ఫింటాస్‌లో ఇంజనీరు ఆంజనేయప్రసాద్ గారింట్లో నేను సోఫా కవర్లు తొడుగుతుంటే, సారు భోజనానికి వచ్చారు. వస్తూనే భోజనాల కుర్చీ తలకిందులు.

"ఇదేంటండీ బాబూ! అన్నానికి పిలిస్తే సామాను బోర్లిస్తారేంటి?" అని కుముదిని గారు గరిటె పట్టుకుని నిలబడిపోయారు. కుర్చీ అడుగున వరసగా నమిలిన బబుల్‌గమ్ములు. "ప్రజ్ఞా! ఇలా రావే!"

"పాపను అరవొద్దమ్మా. ఇదీ చరిత్రే," అంటూ సారు రెండో కుర్చీ తిరగేశారు.

చివరికి పిడుగు పడే చోటే పడింది. కఫీల్ దివానియాకు, అంటే ఆయనింట్లో మగవాళ్ళంతా కూర్చునే హాలుకు, నేనూ చాచా దిండ్లు తీసుకెళ్ళాం. సారు అక్కడ అతిథి. మూలన కఫీల్ తండ్రి ఒకప్పుడు కూర్చునే పాత కుర్చీ ఉంది. పెద్దాయన పోయాక దాని మీద ఎవరూ కూర్చోరు, ముట్టుకోరు.

సారు తిన్నగా వెళ్ళి దాన్ని ఎత్తి బోర్లించారు.

హాల్లో టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. నా చేతిలోని దిండ్లు కాళ్ళ మీద పడ్డాయి.

"యా దక్తూర్! అది మా నాన్నది!" అని అరిచాడు కఫీల్.

"తెలుసు. చేసింది ఎవరు?" సారు అరబ్బీలో మెల్లగా అడిగి, అతుకులో నల్లచుక్క చూపించారు. "ఊపి చూడు."

కఫీల్ ఊపాడు. కిర్రుమనలేదు.

"ఇదే నల్లచుక్క ఉన్నవి మిర్కాబ్‌లో రెండు చూశాను. ఫింటాస్‌లో ఒకటి. ఏదీ కదల్లేదు. ఇప్పుడు నీది చూద్దాం." కఫీల్ అంతవరకూ కూర్చున్న కొత్త రెడీమేడ్ కుర్చీని తిరగేశారు. కాలు ఊడి ఆయన చేతికొచ్చింది.

ఈ సారి నా నోరు కూడా పడిపోయింది. ఈయన తిరిగింది దీని కోసమా!

చాచా వణికే బొటనవేలితో సీలను తడిమాడు. "మా ఊరి చింతచేవే. మీ దగ్గరికి రాకముందు, పాత దుకాణంలో ఉన్నప్పుడు చేసింటా. ఏ ఇంటికి పోయిందో తెలీదు సాబ్."

తండ్రి కుర్చీని కఫీల్ తనే నిలబెట్టి, కండువాతో దుమ్ము తుడిచాడు. ఊడిన కాలు చాచా చేతిలో పెట్టాడు. "బాగు చెయ్. చెయ్యి వణికితే సీల జమీర్ కొడతాడు, నువ్వు చూపించు. ఇఖామా నేను చూసుకుంటా."

తిరిగి వస్తూ వ్యాన్‌లో అడిగాను. "ఎందుకు సార్ ఇన్ని తిట్లు తింటిరి?"

"మా నాయనా వడ్రంగేనప్పా. ఆయన చేసిన బల్లలు ఎవురింట్లో ఉండాయో నాకు తెలీదు," అన్నారు. వ్యాన్ సీటు కింద తల పెట్టి చూడసాగారు.

మర్నాడు కాలు ఊడిన ఆ కుర్చీకి చాచా గీత గీశాడు, నేను సీల దిగ్గొట్టాను. కుర్చీ దివానియాకు తీసుకెళ్ళి కఫీల్ ముందు పెట్టాం. అబూ సాలెం కూర్చోబోయి ఆగాడు. దాన్ని ఎత్తి, తలకిందులు చేసి, అడుగున తల దూర్చాడు.

"ఎవురు చేసినారప్పా?" అన్నాడు సారు నోట విని నేర్చుకున్న మా తెలుగులో, అచ్చం కాజీ సారులాగే.

లాల్ బాషా చాచా వణికే చెయ్యి పైకెత్తాడు. రెండో చేత్తో నా చెయ్యి కూడా ఎత్తాడు.