ఐసు లేని వంజరం, నా మొదటి కంప్యూటరు

నా చిన్నప్పుడు మా పల్లెలో కంప్యూటరంటే బ్యాంకులోనో రైలు టిక్కెట్ల కౌంటరులోనో అద్దానికి అవతల కనిపించే వస్తువు. దాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చనీ, పైగా దాంతో ఆడుకోవచ్చనీ నాకు ఎనిమిదో తరగతిలో తెలిసింది. మా హైస్కూలున్న ఊళ్ళో బస్సులు ఆగే చోట ఒక నెట్ సెంటరు పెట్టారు. బస్సు వచ్చేలోగా అందులో దూరి కార్ల పందెం ఆడేదాన్ని. ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదట్లో మగపిల్లలు నవ్వారు. నెల తిరిగేసరికి నా కుర్చీ వెనక నిలబడి చూడడం మొదలుపెట్టారు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు. నాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళిపోయేవాడు. ఆ ఏడు నాకు కంప్యూటరు కొనిపెడతానని మాటిచ్చి, అన్నట్టే ముప్పై వేలు పంపించాడు. అది ఎంత డబ్బో, దాని వెనక ఎన్ని నెలల ఉప్పునీళ్ళున్నాయో అప్పుడు నాకు పట్టలేదు. అమ్మకి పట్టింది. అందుకే ఆ డబ్బు తన దగ్గర ఉంచుకోకుండా మా అత్త చేతిలో పెట్టింది.

అత్తంటే నాన్నకి అక్క. మా పక్కిల్లే. తెల్లారి ఒడ్డున జరిగే పాటలో, అంటే వేలంలో, చేపలు కొని శ్రీకాకుళం బజారుకి పట్టుకెళ్ళి అమ్మేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. కానీ మా రెండిళ్ళలో మంచం కొన్నా, మేక కొన్నా ఆవిడ చూసి ఊ అంటేనే డబ్బు చేతులు మారేది. చేప మొప్ప ఎత్తి చూసే అలవాటు ఆవిడకి ప్రతి వస్తువు మీదా ఉండేది. కుర్చీ కొనడానికి వెళ్తే దాన్ని తిరగేసి కాళ్ళు నొక్కి చూసేది. దుకాణాల వాళ్ళకి ఆవిడంటే హడలు.

కంప్యూటరుకి కావలసిన వస్తువుల జాబితా నెట్ సెంటరు నడిపే అన్న రాసిచ్చాడు. విడివిడిగా కొని బిగించుకుంటే చవకగా వస్తుందని, ముప్పై వేలకి సరిపోయేలా పైనుంచి కిందకి అన్నీ వేశాడు. నాకు మాత్రం అందులో ఒక్కటే కనిపించింది. గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ కళకళలాడాలన్నా, కారు ఆగకుండా పరిగెత్తాలన్నా అదే ముఖ్యం అని అందరూ అనేవారు. ఆయన రాసింది మధ్యరకం కార్డు. నాకు పెద్దది కావాలి. డబ్బెక్కడిది? జాబితా అడుగున మూడు వరసలున్నాయి: కరెంటును సరిచేసి లోపలి భాగాలన్నిటికీ పంచే బరువైన పెట్టె, కరెంటు పోతే కాసేపు కాచే యు.పి.ఎస్., వేడిని బయటికి తోసే రెండు ఫ్యాన్లు. ఈ మూడింటినీ కొట్టేశాను. పెట్టె లేకుండా ఎలాగూ కుదరదు కాబట్టి అన్నిటికంటే చవకదేదో వేసుకోవచ్చనుకున్నాను. మిగిలిందంతా కార్డు మీద పెట్టి, దాని కింద రెండు గీతలు గీశాను.

అత్త ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చదువు రాకపోయినా కొట్టివేతలు తెలుస్తాయి కదా.

"అడుగునున్నవి ఎందుకు కొట్టేసినావే కోడలా?" అంది.

అవి ఆటకి పనికొచ్చేవి కావని చెప్పాను. ఒకటి కరెంటు పంచడానికి, ఒకటి కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి, ఇంకోటి లోపల చల్లగా ఉంచడానికని వివరంగానే చెప్పాను.

"సల్లగా ఉంచడానికా," అని మాత్రం అని, కాగితం మడిచి నాకిచ్చేసింది.

ఆ శనివారం సాయంత్రం ఆవిడే మా గుమ్మంలోకొచ్చి ఒక బేరం పెట్టింది. "రేపు ఆదోరం. నీ కంప్యూటరు డబ్బుల్లోంచి రెండు వేలు తీసిస్తాను. పాటలో నీకు నచ్చిన సేప కొనుక్కో, బజార్లో అమ్ముకో. ఎంత లాబం వస్తే అంత నీ కార్డులోనే కలుపుకుందువు. ఆటో డబ్బులు నానిస్తాను. మరి నానేటీ సెప్పను, నువ్వేటీ అడగొద్దు."

నాకు నిద్ర పట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్య పెరిగినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను. అప్పటికే మనసులో ఇంకా పై రకం కార్డు కొనేసి, బిగించేసి, నెట్ సెంటరు మగపిల్లల్ని ఇంటికి పిలిచి చూపించేశాను.

ఫాల్గుణం ఎండలు ముదురుతున్న రోజులవి. తెల్లారి బోట్లు ఒడ్డెక్కాయి. పాటలో మా అత్త వెండిరంగు కవళ్ళు ఒక చిన్న కుప్ప పాడుకుంది. రోజూ కొనేదాంట్లో సగం కూడా లేదు. ఈ రోజు అత్తకి హుషారు లేదులే అనుకున్నాను. నా కన్ను మూడు వంజరాల మీద పడింది. ఒక్కోటి నా చెయ్యంత పొడుగు, నీలంగా నిగనిగలాడుతున్నాయి. ఆదివారం పూట ఉద్యోగస్తులు వంజరం ముక్కల కోసం ఎగబడతారని నాకు తెలుసు. రేటు పెరిగింది. నేనూ పెరిగాను. చివరికి నా చేతిలో పన్నెండు రూపాయలు మిగిలాయి, గంపలో మూడు వంజరాలు పడ్డాయి. అత్తతో బజారుకొచ్చే ఒకావిడ, "ఒసే పిల్లా, మరి ఐసుకీ..." అని ఏదో అనబోయింది. అత్త ఆవిడ వైపు ఒక్క చూపు చూసింది. ఆవిడ నోరు మూసుకుంది. నా చేపల్ని చూసి కుళ్ళుకుంటోందని నేను అనుకున్నాను.

ఒడ్డునే ఐసుగెడ్డలు కొట్టి అమ్మే మనిషుంటాడు. ఆడవాళ్ళందరూ అక్కడ ఆగి, గంపలో ఒక వరస ఐసు, ఒక వరస చేప వేసుకున్నారు. అత్త తన చేపలకి పెట్టిన డబ్బులో నాలుగో వంతు ఐసుకే పెట్టింది. నాకు నవ్వొచ్చింది. బజారుకి చేరేసరికి కరిగిపోయే నీళ్ళకి అంత డబ్బా? నేను ఒక గోనెసంచీ సముద్రంలో ముంచి తెచ్చి నా వంజరాల మీద కప్పాను. ఆటో ఎక్కాక అత్తని ఆటపట్టించాను కూడా. నీళ్ళు మోసుకెళ్తున్నావా, చేపలు మోసుకెళ్తున్నావా అని అడిగాను. ఆవిడ కిటికీ లేని ఆ ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆటో ఊరూరా ఆగింది. జనం నిండాలని ఒకచోట అరగంట నిలబెట్టాడు. గోనెసంచీ మీద ఉప్పు తెల్లగా కట్టింది. బజారు చేరేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. మొదట వచ్చినావిడ వంజరాలని చూడగానే ఆగిపోయింది. నా గుండె పొంగింది. వంగి ఒక్క వేలితో మొప్ప ఎత్తింది. తర్వాత పొట్ట నొక్కింది. ఆవిడ వేలు తీశాక ఆ గుంట అలాగే ఉండిపోయింది. లేచి పక్క గంప దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ అత్త పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఎండ ముదిరే కొద్దీ వంజరాల కళ్ళు లోపలికి పోయాయి. అత్త కవళ్ళు ఎప్పుడో అమ్ముడైపోయాయి. చిన్న చేపలే, కానీ ఐసు కింద నుంచి తీస్తుంటే ఇప్పుడే వలలోంచి తీసినట్టున్నాయి. ఆవిడ ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. నాకోసం మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది. ఆఖరికి ఉప్పుచేపలు వేసేవాడొకడు వచ్చి మూడింటికీ కలిపి ఆరు వందలిస్తానన్నాడు. ఇచ్చి, నా వంజరాల్ని తోకలు పట్టుకుని ఒక మురికి కుప్ప మీదకి విసిరేశాడు. నేను బజారు మధ్యలో నిలబడి ఏడ్చాను.

తిరుగు ఆటోలో ఆ ఆరు వందలు అత్త చేతిలో పెట్టి అడిగాను. "నీకు ముందే తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఇంటావేటి?" అంది అత్త.

ఆ మాట నిజమే కాబట్టి ఇంకా కోపమొచ్చింది. నా కంప్యూటరు డబ్బులో పద్నాలుగు వందలు నా కళ్ళ ముందే పోగొట్టింది. కావాలనే పోగొట్టింది. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. ఆ వారంలో అత్త బజారుకి రెండుసార్లే వెళ్ళింది. మిగతా రోజులు ఒడ్డున ఎవరిదో పాక కింద కూర్చుని కూలికి నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబెట్టింది. "అత్తకి బజారంటే విసుగొచ్చినట్టుంది," అని అమ్మతో ఎత్తిపొడుపుగా అన్నాను. అమ్మ ఏదో చెప్పబోయి, అన్నం వడ్డించి ఊరుకుంది.

కోపంలో ఉన్నా ఒక పని మాత్రం చేశాను. జాబితా మళ్ళీ రాశాను. ఇరవై ఎనిమిది వేల ఆరు వందలకి దించి రాయాలి. కార్డు తగ్గిస్తే మనసు ఒప్పుకోదు. మెమరీ తగ్గిస్తే కార్డు ఉండీ లాభం లేదని నెట్ సెంటరు అన్న చెప్పాడు. మోనిటరు పాతది తీసుకుంటే కొంత మిగిలింది. అయినా చాలలేదు. మొదటిసారి కొట్టేసిన మూడు వరసల దగ్గరికి పెన్ను వెళ్ళినప్పుడల్లా ఉప్పు కట్టిన ఆ గోనెసంచీ గుర్తొచ్చేది. ఈసారి వాటిని కొట్టేయలేకపోయాను. చివరికి కార్డునే నెట్ సెంటరు అన్న రాసిన మధ్యరకం కంటే ఒక మెట్టు కిందకి దించాను. దించేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో అది చిన్న కష్టం కాదు.

మరుసటి ఆదివారం శ్రీకాకుళంలో కంప్యూటరు దుకాణానికి వెళ్ళాం. దుకాణం కుర్రాడు అన్నీ బల్ల మీద పరిచాడు. కరెంటు పంచే పెట్టెలు రెండు రకాలు పెట్టాడు. అత్త ఒక్కోటీ చేత్తో ఎత్తి తూచింది. "ఇది మరీ తేలిగ్గున్నాది. పొట్టలో ఏటీ నేదు," అని చవకదాన్ని పక్కకి నెట్టేసింది. ఆ కుర్రాడు అత్తని వింతగా చూసి, "నిజమేనమ్మా, బరువున్నదే మంచిది," అన్నాడు. తర్వాత ప్రతి వస్తువుకీ అదే ప్రశ్న. "ఇది ఎన్నాళ్ళకి పాడవుతాది? మాది సముద్రం గాలి." ఏడాది వారంటీ అని వాడంటే, "ఏడాది తరవాతేటి మరి?" అని అడిగింది. పాపం, వాడు తల గోక్కుని బిల్లు పుస్తకం తీశాడు.

బిల్లు నా లెక్క ప్రకారమే వచ్చింది. అత్త సంచీలోంచి మూట తీసి నోట్లు లెక్కపెట్టమని నాకిచ్చింది. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై వేలూ ఉన్నాయి.

"ఇందులోంచి రెండు వేలు తీశావు కదత్తా?"

"మీ నాన్న డబ్బులు నాను ముట్టుకుంటానేటి?" అంది. "ఆ రెండు వేలూ నావి."

అప్పుడు నాకు లెక్క తెలిసింది. పాటలో నిలబడడానికి ఆవిడకున్న పెట్టుబడే మూడు వేలు. అందులో రెండు నా చేతిలో పెట్టి, మిగిలిన దాంతో ఆ రోజు చిన్న కుప్ప పాడుకుంది. నేను పాడుచేసిన పద్నాలుగు వందలు ఆవిడ పెట్టుబడిలోవి. చేతిలో డబ్బు చాలక వారంలో చాలా రోజులు ఇంకొకరి నెత్తళ్ళు ఆరబెట్టింది. నేను మొహం తిప్పుకుంటూ ఆవిడ ముందు నుంచే బడికి వెళ్ళాను.

"సూస్తావేటి? పద్నాలుగొందలు మిగిలినాయి కదా. ఆ కార్డు కాస్త మంచిది తీసుకో," అంది అత్త.

ఇక్కడ నేను ఆ డబ్బు ఆవిడకి తిరిగిచ్చేశానని రాస్తే కథ బాగుంటుంది. కానీ నేను ఇవ్వలేదు. నాకు పదమూడేళ్ళు. ఒక్క క్షణం ఆగాను, అత్త మొహం చూశాను, కార్డు డబ్బా చూశాను. ఆ మంచి కార్డే తీసుకున్నాను. అత్త తనే గెలిచినట్టు నవ్వింది. ఇంటికొచ్చే దారంతా ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కంప్యూటరు తొమ్మిదేళ్ళు పనిచేసింది. చవక పెట్టె వేసుంటే కాలిపోయేదో లేదో నాకు తెలియదు. తెలుసుకునే అవసరం రాలేదు. అత్త అప్పుడప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని, తెర మీద కార్లు ఎక్కడికి పోతున్నాయని అడిగేది. ఆవిడ పెట్టుబడి మళ్ళీ మూడు వేలకి చేరడానికి రెండు నెలలు పట్టిందని అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటున్నాను. నలభై దగ్గరపడ్డాయి, మా పిల్లల లెక్కలో నేను ముసలిదాన్నే. పోయిన నెల మా మేనల్లుడు తన మొదటి గేమింగ్ కంప్యూటరుకి జాబితా ఫోనులో చూపించాడు. కార్డు కొండంత, కరెంటు పెట్టె చీమంత. గంటసేపు కూర్చోబెట్టి చెప్పాను. వాడు తల ఊపాడు, ఒక్క ముక్క వినలేదు. వినకపోవడం వాడి తప్పు కాదు. ఆ గంటకి నాకైన ఖర్చు రెండు కాఫీలు. అత్తలా నా వారం బతుకు తీసి వాడి చేతిలో పెట్టి, పాడుచేసుకోరా, నేను నోరు విప్పను అనగలనా? నా జీతం ఆవిడ పెట్టుబడికి ఎన్ని రెట్లో లెక్కపెట్టనక్కర్లేదు. అయినా అనలేకపోయాను.

అత్తతో ఆ కంప్యూటరు కొన్న రోజు నుంచీ నాకొక అలవాటుంది. ఎవరైనా నాకేదైనా నేర్పితే, దానికి వాళ్ళేం పోగొట్టుకున్నారో వెతుకుతాను. చాలాసార్లు ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపించినప్పుడు, ఆ రోజు కార్డు వద్దనలేకపోయిన పిల్ల నాలో సిగ్గుపడుతుంది. ఈసారైనా అనుకుని, వాళ్ళు పోగొట్టుకున్నదెంతో అడిగి తిరిగిచ్చేస్తాను.