నన్ను ఒంటరిగా బస్సెక్కించిన టీచర్

పోయిన సోమవారం మా టీచర్ చనిపోయారు. నాతో చదువుకున్న నస్రీన్ ఫోన్ చేసి చెప్పింది.

హైదరాబాద్ పాతబస్తీలో, జహనుమా దగ్గరి మా హైస్కూల్లో వైకల్యం ఉన్న పిల్లలకు ఆమె విడిగా ఒక గదిలో పాఠాలు చెప్పేవారు. నాకు పుట్టుకతోనే చేతులు వణుకుతాయి, నడక, మాట తడబడతాయి. నాన్నది బట్టల వ్యాపారం. ఇంట్లో పనివాళ్లున్నారు. తొమ్మిదో తరగతిలో కూడా అమ్మే నాకు అన్నం తినిపించేది. నస్రీన్‌కు ఒక కాలు చచ్చుబడింది. వాళ్ల నాన్న జల్‌పల్లిలో ఆటో నడిపేవాడు. ఇంటెడు వంటా నస్రీనే చేసేది. కానీ తనకు ఉచితంగా బస్ పాస్ వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

టీచర్ మమ్మల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు.

"నీకు అన్నీ చేసిపెట్టెటోళ్లున్నరు, గందుకే పని రాలే. దీనికి చెప్పెటోళ్లు లేరు. ఒకరికొకరు నేర్పుకోండ్రి."

నస్రీన్ నాకు ఉల్లిగడ్డ కోయడం నేర్పింది. నేను దానికి దరఖాస్తు నింపడం నేర్పాను. మా మాటలను టీచర్ ఎప్పుడూ మధ్యలో అందుకునేవారు కాదు. "నిదానంగ చెప్పు, నాకేం తొందర లేదు" అంటూ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకునేవారు. నిజానికి ఆమెకు ఎప్పుడూ తొందరే.

పదో తరగతిలో ఒక మధ్యాహ్నం టీచర్ నన్ను ఒంటరిగా ఇంటికి వెళ్లే బస్సెక్కించారు. నేను దిగాల్సిన స్టాపు గుర్తుపట్టలేకపోయాను. చార్మినార్ దగ్గర దిగుతూ పడ్డాను. గాజులమ్మే ఆయన్ని దారి అడిగితే, మూడోసారికి గాని ఆయనకు నా మాట అర్థం కాలేదు. మోకాలు చీరుకుపోయి, రెండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేరాను.

సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చారు. అమ్మ గుమ్మంలోనే నిలదీసింది.

"పిల్లకు ఏమన్న అయితే ఎవరు జవాబు? మేం సాదుకోలేమా?"

"తప్పు నాదే అమ్మా. స్టాపులు గుర్తుపట్టుడు సరిగ నేర్పలే. రేపు మళ్లా పంపుతరా?"

అమ్మ తలుపు వేసేసింది. "నేను పోతా" అన్నాను లోపలి నుంచి. ఆ మాట మూడు రోజులు అంటూనే ఉన్నాను. నాలుగో రోజు అమ్మ ఒప్పుకుంది.

ఇప్పుడు ఉద్యోగానికి బస్సులోనే వెళ్తాను. నస్రీన్ ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తోంది. అందరికీ ఇలా కుదరలేదు. మా గదిలోని పేదింటి పిల్లలు చాలామంది పదితోనే ఇంటికి పరిమితమయ్యారు. టీచర్ చివరిదాకా వాళ్ల ఇళ్లకు తిరుగుతూనే ఉన్నారు.

టీచర్ చనిపోయిన రోజు వాళ్ల ఇంటి గుమ్మంలో నిలబడ్డ సారు, ఆమె భర్త, వచ్చిన పాత విద్యార్థులందరినీ ఒకటే అడుగుతున్నారు: "ఎవరితోని వచ్చినవ్ బిడ్డా?"

"ఒక్కదాన్నే వచ్చిన సార్" అన్నాను.

గల్లీ మలుపులో ఒక చక్రాల కుర్చీ కనిపించింది. అందులోని అమ్మాయి, టీచర్ దగ్గర చదువుకున్నదే, చక్రాలు తనే తిప్పుకుంటూ వస్తోంది. జనం గోడలకు ఆనుకుని దారి ఇస్తున్నారు.