కదలకండి గారి రైలు

ఆయనకీ అందరిలాగే ఒక పేరుండేది. పాస్‌పోర్టు ఫోటోల కొట్టు పెట్టిన రెండో ఏటికే వీధి ఆ పేరు మర్చిపోయి, "కదలకండి గారు" అని పిలవడం మొదలుపెట్టింది. స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఆయన చెప్పేది అదే మరి. గడ్డం కొంచెం పైకి, భుజాలు కిందికి, ఇక కదలకండి. తుమ్ము వచ్చినవాడు కూడా ఆపుకోవలసిందే. కూరలో ఉప్పెక్కువైందని చెప్పాలన్నా ముందు తనని "కదలకు" అని, ఆ తర్వాతే విషయంలోకి దిగుతాడని భార్య నలుగురిలో చెప్పి నవ్వేది.

అలాంటి మనిషికి పట్టుకుంది రైళ్ళ పిచ్చి. మొదట పట్టాలతో మొదలైంది. ఆదివారం కొట్టు మూసేసి, కెమెరా, మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని రైలు కట్ట పక్క కంచె దగ్గరికి పోయేవాడు. పట్టాలంత మంచి గిరాకీ మనుషుల్లో దొరకదని ఆయన నమ్మకం. అవి కదలవు, రెప్ప వేయవు, ఇంకాస్త తెల్లగా చేయమని ప్రాణం తీయవు. వాన వెలిశాక పట్టాలు, మలుపులో పట్టాలు, ఎండకి మెరిసిపోతున్న పట్టాలు. అట్టపెట్టెలు నిండిపోయాయి. తర్వాత బండ్ల మీదికి దిగాడు గానీ, ఆగిన బండి తప్ప తీసేవాడు కాదు. పదింటి పాసింజరు స్టేషను బయటి సిగ్నల్ దగ్గర రోజూ రెండు నిమిషాలు నిలబడేది. ఆ రెండు నిమిషాలే ఆయనకి పండగ.

"నడిచే బండిని తీయలేరా ఏంటి?" అనేది భార్య.

"కదిలేదాన్ని తీస్తే ఫోటో అవదే, మరకవుతుంది."

అసలు చిక్కేమిటంటే, ఆ పాసింజరు నడిపేది ఆవిడ అన్నయ్యే. ఆయనకీ ఈయనకీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

కారణం ఒక గ్రూపు ఫోటో. అత్తవారి వైపు నలభై మందిని మూడు వరుసల్లో నిలబెట్టి తీశాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన బావ యూనిఫారంలో నడిమధ్య నిలబడి, సరిగ్గా "కదలకండి" అనగానే కళ్ళు మూశాడు. మిగతా ముప్ఫై తొమ్మిది మందీ చక్కగా వచ్చారు కదా అని కదలకండి గారు దాన్ని పెద్దది చేసి కొట్టు ముందు అద్దాల్లో పెట్టాడు. పాసు ఫోటోలకి వచ్చిన రైల్వేవాళ్ళందరూ చూశారు. ఇంజన్ డ్రైవరు, ఒంటి మీద యూనిఫారంతో, హాయిగా నిద్రపోతున్నాడు. ఆ రోజు నుంచి బావ డ్యూటీకి వెళితే చాలు, పట్టపగలే "గుడ్ నైట్" అని పలకరింపులు.

బావ కొట్టు మీదికి వచ్చాడు. "ఇరవై ఏళ్ళుగా రెప్ప వేయకుండా బండి నడుపుతున్నాను. నన్ను నిద్రపోతున్నట్టు వీధిలో పెడతావా? తీసెయ్."

"కదలకండి అన్నాను. కదిలింది నీ రెప్ప. నా తప్పేముంది బావా?"

తప్పులేని మనిషి తగ్గడు కదా. ఫోటో అక్కడే ఉండిపోయింది. అందులో తను మహా బాగా పడింది కాబట్టి భార్య కూడా గట్టిగా తీసేయమనలేకపోయింది. ఆ సంగతి మాత్రం పైకి పొక్కనివ్వలేదు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు ఆగలేదు. ఇంజన్ వచ్చి సరిగ్గా కంచెకి ఎదురుగా ఆగేది. బావ అటు తిరిగి కూర్చునేవాడు. కదలకండి గారు ఫోటో తీసేవాడు. అందులో బావది చెవి ఒక్కటే పడేది.

ఒక సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ, "రేపటితో అన్నయ్య డ్యూటీ అయిపోతుందట. ఎల్లుండి నుంచి ఆ ఇంజన్లో ఇంకెవరో," అంది.

ఆయన పెట్టెలు దింపి ఫోటోలన్నీ మంచం మీద పరిచాడు. తొమ్మిదేళ్ళ చెవి. దాని పైన జుట్టు నెరుస్తూ రావడం వరసగా కనబడుతోంది. ఒక్కదాంట్లోనూ మొహం లేదు. కదలకండి గారికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పొద్దున్నే అద్దాల్లోంచి గ్రూపు ఫోటో తీసేశాడు. పనిరోజున కొట్టు మూయడం అదే మొదలు. భార్యని వెంటబెట్టుకుని కంచె దగ్గర స్టాండు నిలబెట్టాడు. కళ్ళు తెరిచిన బావ ఫోటో ఒక్కటి తీయాలి, తప్పు నాదే అని చెప్పాలి. రెండింటికీ రెండు నిమిషాలు చాలు.

"ఏవండీ," అంది భార్య, "సిగ్నల్ పచ్చగా ఉందేంటి?"

బండి అప్పటికే మలుపు తిరిగింది, ఆగే సూచన లేదు. కెమెరాని స్టాండు మీంచి పీకిన పీకుడికి స్టాండు పడి కాలు విరిగింది. చేతులూపుతున్న చెల్లెల్నీ, నోరు తెరిచిన కదలకండి గారినీ చూసి, కిటికీలో బావ ఈసారి మొహం తిప్పుకోలేదు.

"తప్పు నాదే బావా! కదలకు!" అని ఆయన దూసుకొస్తున్న రైలుకి చెప్పాడు.

రైలు వింటుందా? చివరికి కదలకండి గారే కదిలాడు. కెమెరా కంటికి ఆనించి, ఇంజన్‌తోపాటు ఒళ్ళంతా తిప్పుకుంటూ బటన్ నొక్కి, ఆ ఊపులోనే గడ్డిలో చతికిలబడ్డాడు.

ఫోటోలో స్తంభాలూ చెట్లూ అన్నీ గుడ్డతో తుడిచేసినట్టు అలుక్కుపోయాయి. మధ్యలో బావ మొహం మాత్రం మీసంలో వెంట్రుకతో సహా స్పష్టంగా ఉంది. ఒక కన్ను తెరిచి ఉంది. ఒకటి మూసుకుని ఉంది.

"మళ్ళీ మూశాడే!" అని తల పట్టుకున్నాడు.

"మూయలేదండీ," అంది భార్య పడిపడి నవ్వుతూ. "కన్ను కొట్టాడు."

మూడో రోజు బావ మామూలు చొక్కాలో వచ్చాడు. అద్దాల్లో కొత్త ఫోటో ముందు చాలాసేపు నిలబడి, లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"పెన్షన్ కాగితాలకి ఫోటో కావాలట. రెండు కళ్ళూ తెరిచి ఉండాలట."

కదలకండి గారు దీపాలు వేశాడు. స్టాండు ఇంకా బాగుచేయించలేదు కాబట్టి కెమెరా చేత్తోనే పట్టుకున్నాడు. గడ్డం కొంచెం పైకెత్తించి, భుజాలు దింపించాడు.

"కదలకు బావా," అన్నాడు.

బావ ఆ చేతుల వంక చూశాడు.

"నేను కదలడం లేదు. ముందు నువ్వు కదలకుండా పట్టుకో బావా."