మింగుడుపడని అప్పీలు

2022లో నేను నంద్యాలలో మాజీ సైనికులకు పెన్షన్ అప్పీళ్లు రాసిపెట్టేవాణ్ణి. సైన్యంలో క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ముందు అనుమానించడం, తర్వాత రాయడం నా అలవాటు. కుంటుతూ నా మెట్లెక్కి, పని కాగానే కర్ర చంకలో పెట్టుకుని పరుగున బస్సెక్కినవాళ్లను చూశాను మరి.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి హవల్దార్ ఓబులేసు, ఆయన భార్య మద్దిలేటమ్మ వచ్చారు. సర్వీసులో ఉండగా ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్‌తో తగ్గింది. తర్వాత మెడికల్ బోర్డు, అంటే జబ్బు మిగిల్చిన నష్టాన్ని శాతాల్లో తేల్చే డాక్టర్లు, ఆయన శాతాన్ని బాగా తగ్గించేశారు. దాంతో వైకల్య పెన్షన్ ఆగిపోయింది.

"సంగటి ముద్ద దిగదన్నా ఈయనకు. నోట్లో తడే ఊరదు," అంది మద్దిలేటమ్మ. ఓబులేసు నేల చూస్తూ కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

బోర్డు రిపోర్టులో మాత్రం, తిండికి ఏ ఇబ్బందీ లేదని ఆయనే చెప్పినట్టు ఉంది.

"ఇది నువ్వు చెప్పిందేనా?" అని ఓబులేసును అడిగాను.

"చెప్పినా."

"మరి ఈమె చెప్పేది?"

భార్యే అందుకుంది: "ఏందన్నా, దొంగల మాదిరి చూస్తాండావ్? రాస్తావా, రాయవా?"

నా అనుమానం గట్టిపడింది. ఒక్క దొంగ అప్పీలు బయటపడితే నేను రాసిన మిగతా వాటినీ ఎవరూ నమ్మరు. చెప్పాపెట్టకుండా ఆళ్లగడ్డ వెళ్లాను. వాళ్ల పక్కింటాయన్ను అడిగితే, "ఆయప్పకేం రోగం? దినామూ క్యారియర్ కట్టుకోని చేనికి పోతాండాడు," అన్నాడు. దొరికాడనుకున్నాను.

చేని గట్టున ఓబులేసు ఒంటరిగా తింటున్నాడు. క్యారియర్‌లో ఉన్నది పలచటి జావ. చెంచాడు నోట్లో పోసుకుని, నీళ్లు తాగి, మెడ సాచి, కళ్లు గట్టిగా మూసుకుని మింగాడు. వెంటనే పొలమారింది. ముక్కులోంచి కారిన జావ తుడుచుకుంటూ నన్ను చూశాడు.

"ఈడికెందుకొచ్చినావ్ సార్?"

"ఇంట్లో తినొచ్చు కదా?"

"పిల్లోళ్లు చూస్తే వాళ్లకూ దిగదు సార్."

"మరి బోర్డుకు ఎందుకు చెప్పలేదు?"

ఆయన క్యారియర్ మూత బిగించాడు. "అందరూ యూనిఫారంలో ఉండారు సార్. ఎట్లుండావంటే, బాగుండా సార్ అని వచ్చేసె. సర్వీసంతా చెప్పిందదే కదా."

అప్పీలులో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. మింగేటప్పుడు ఎక్స్‌రేలో చూసే పరీక్ష చేయించమని కోరాను. అప్పీలు బోర్డు చేయించింది. మింగినదాంట్లో కొంత ఊపిరితిత్తుల వైపు పోతోందని తేలింది. శాతం పెరిగింది, పెన్షన్ మళ్లీ మొదలైంది. ఆ సంగతి చెప్పడానికి మద్దిలేటమ్మ ఒక్కతే వచ్చింది. "ఇప్పుడన్నా నమ్మినావా?" అని అడిగి, నా జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

నేను అనుమానించడం మానలేదు. మానితే ఈ పని చేయలేను. కాకపోతే ఇప్పుడు ఏ మాజీ సైనికుడు వచ్చినా ఎలా ఉన్నావని అడగను. పొద్దున ఏం తిన్నాడో, ఎలా తిన్నాడో ఆయన ఇంట్లోవాళ్లను అడుగుతాను.