ఏసీ ఆపి చేసిన రెండో ఆల్బం

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేశాక వచ్చిన రెండో వేసవి. మే నెలాఖరు. అప్పటికి నేను దోహాలో, అల్ ఘర్రాఫా వైపు ఒక విల్లాను మార్చి కట్టిన రికార్డింగ్ స్టూడియోలో సీనియర్ సౌండ్ ఇంజినీరుని. నా పైన యజమాని ఒక్కడే, నా కింద ఎవరూ లేరు. సీనియర్ అన్న మాట కార్డు మీద నిండుగా కనిపిస్తుందని ఆయనే వేయించాడు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఆ నెలలో ఒక తెలుగు పాప్ రాక్ బ్యాండు రెండో ఆల్బం నా చేతికొచ్చింది. తొమ్మిది పాటలు, జూన్ ఆఖరుకల్లా పూర్తి కావాలి.

బ్యాండులో తెలుగువాళ్ళు ముగ్గురు. నాయకుడు శ్రీధర్ది గుంటూరు. ఒక కంపెనీ ఆఫీసులో ఇంజినీరు, కీబోర్డు వాయిస్తాడు. గిటారు లింబాద్రిది. నిజామాబాద్ జిల్లా మనిషి, కన్‌స్ట్రక్షన్ సైట్లో ఇనుము కట్టేవాళ్ళ మీద ఫోర్‌మన్. వాళ్ళమ్మకి గల్ఫంతా దుబాయే, ఆమె లెక్కలో అతను ఇప్పటికీ దుబాయ్‌లోనే ఉన్నాడు. పాడేది ఓబులేసు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవర్‌గా చేస్తున్నాడు. డ్రమ్స్ వాయించేది ఒక మలయాళీ. అతను లయా తప్పడు, నోరూ విప్పడు. కాబట్టి ఈ కథలో అతని ప్రస్తావన ఇంతటితో సరి.

మొదటి ఆల్బం వీళ్ళు ఐన్ ఖాలిద్‌లో శ్రీధర్ ఉండే ఇంటి హాల్లో చేశారు. అందరూ ఒక్కసారే వాయించి, ఒక్కసారే పాడి, రెండు మైకులతో పట్టేశారు. ఆ పాటల వెనక కిటికీ ఏసీ మోత మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తుంది. కార్మికుల క్యాంపుల్లో జనం ఆ మోతతో సహా ఇష్టపడ్డారు. మొదటి ఆల్బానికి అలాంటివన్నీ చెల్లుతాయి. రెండోదానికి చెల్లవు. నేర్చుకుని వచ్చారా, అదృష్టం కొద్దీ పాడారా అన్నది రెండో ఆల్బంతోనే తేలుతుందని మా వృత్తిలో అందరూ నమ్ముతారు. శ్రీధర్ నా దగ్గరికొచ్చి అడిగిందల్లా ఒకటే. "మాస్టారూ, ఈసారి మాత్రం నీటుగా రావాలండి. ఏసీ సౌండ్ అస్సలు వద్దు."

ఏసీ సౌండ్ లేకుండా చెయ్యడానికి నేను ముందు పనిచేసిన మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మంచి ఏర్పాటు ఉండేది. గదిలోకి చల్లగాలి వస్తున్నట్టు చర్మానికి తెలియాలే తప్ప చెవికి తెలిసేది కాదు. మా విల్లాలో ఆ భాగ్యం లేదు. మా పద్ధతి చెబుతాను, నవ్వకండి. పొద్దున్నుంచి ఏసీని పద్దెనిమిది మీద పెట్టి గదిని ఐసుముక్క చేస్తాం. రికార్డింగ్ మొదలవగానే ఏసీ కట్టేసి, తలుపులు బిగించి, ఆ చల్లదనం ఎంతసేపు నిలిస్తే అంతసేపు పనిచేస్తాం. జూన్‌లో అది ఎంతోసేపు నిలవదు. అరగంటకి చొక్కాలు తడుస్తాయి, గంటకి మనుషులు ఒకళ్ళనొకళ్ళు విసుక్కుంటారు.

ఆల్బంలో అన్నిటికన్నా మంచి పాట ఓబులేసుది. రాసిందీ అతనే, బాణీ కట్టిందీ అతనే. వారాంతాల్లో యజమాని కుటుంబాన్ని అల్ రువైస్ తీసుకెళ్ళి, వాళ్ళు సముద్రం దగ్గర కూర్చున్నంతసేపూ తను బండిలో కాపుంటూ కట్టుకున్నాడట. 'బండి నాది కాదు, దావ నాది' అని పల్లవి. దావ అంటే వాళ్ళ వైపు మాటలో దారి. మొదటిసారి విన్నప్పుడు నాకు అసూయ కలిగింది. అంత తేలిగ్గా ఉన్న మాట అంతమంది కవులున్న మన దేశంలో ఎవరికీ తట్టకపోవడమేమిటని. ఆల్బానికి 'దావ నాది' అనే పేరు పెట్టారు. ఓబులేసు ఇంటికి ఫోన్ చేసి, తన పాట పేరే ఆల్బం పేరని భార్యకి చెప్పుకున్నాడు.

అతనికి దొరికేది శుక్రవారం మూడు గంటలు. ఆ రోజు మధ్యాహ్నం యజమాని కుటుంబమంతా పెద్దాయన ఇంట్లో భోజనానికి చేరుతుంది. వాళ్ళని అక్కడ దింపి మళ్ళీ పిలుపొచ్చేదాకా మా దగ్గర ఉంటాడు. స్టూడియోలో ఫోన్లు కట్టెయ్యాలన్నది నా నియమం. అతని ఫోను మాత్రం నా బల్ల మీద ఉండేది. అది వణికితే ఎంత గొప్ప టేకైనా సరే, ఆపాల్సిందే. టేకంటే ఒక పాటను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి పట్టడం.

ఈ పాట పట్టిన శుక్రవారం గది చల్లగా ఉన్నప్పుడే గిటారు శ్రుతి నేనే స్వయంగా మీటరు పెట్టి చూశాను. లింబాద్రి చూస్తానన్నా ఇవ్వలేదు. ఏసీ కట్టేశాం. మొదట గిటారు, డ్రమ్స్ మాత్రం పట్టాం. మొదటి టేకులో కుర్చీ కిర్రుమంది, రెండోదాంట్లో లింబాద్రి దగ్గాడు. అలా అలా ఆరోది కుదిరింది. అప్పటికి గది పొయ్యి మీద పెనంలా ఉంది. ఓబులేసు టైము కరిగిపోతోందని ఏసీ వెయ్యకుండానే అతన్ని మైకు ముందు నిలబెట్టాను. హెడ్‌ఫోన్‌లో ఆ గిటారు వింటూ పాడాడు. రెండో టేకుకే అయిపోయింది. అయిన నిమిషానికి ఫోను వణికింది. "యల్లా సార్, పోవాల, మేడమ్ పిలుస్తాంది" అని చెమట తుడుచుకుంటూ పరుగెత్తాడు.

మరుసటి వారం శ్రీధర్ కీబోర్డు కలిపాడు. పాట అతకలేదు. ఎక్కడో పులిసిన వాసన వస్తోంది, ఎక్కడో తెలియదు. గిటారు తీసేసి, గొంతు, కీబోర్డు మాత్రమే పెట్టి విన్నాను. గొంతు కిందికి జారి ఉంది. కంప్యూటర్లో కొలిచాను, అదీ అదే చెప్పింది. సాఫ్ట్‌వేర్‌తో గొంతును పైకి లాగి సరిచేశాను. అప్పుడు గిటారు కలిపితే ఇంకా ఘోరంగా ఉంది. శాస్త్రం చదవని గొంతు, ఇంతే వస్తుందనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ, అనుకున్నాను. గిటారు మీద నాకు అనుమానమే రాలేదు. ఎందుకంటే దాని శ్రుతి చూసింది నేను.

శ్రీధర్ తల పట్టుకున్నాడు. ఓబులేసు జూన్ ఆఖరున రెండు నెలల సెలవు మీద ఇండియా వెళ్తున్నాడు. మళ్ళీ మళ్ళీ పాడించే వ్యవధి లేదు. చివరికి హైదరాబాదులో తనకి తెలిసిన ఒక గాయకుడికి కీబోర్డు ట్రాకు పంపి, ఈ పాట అతనితో పాడించాలని నిర్ణయించాడు. మిగతా పాటలు ఓబులేసువే, ఇదొక్కటే పోతుంది. పోయేది మాత్రం అతని సొంత పాట. "మాస్టారూ, ఆ సంగతి మీరే చెప్పండి. నాకు నోరు రాదు" అన్నాడు. పెద్దవాణ్ణి కదా అని ఒప్పుకున్నాను. ఫోన్ చేసి, గొంతు శ్రుతిలో లేదయ్యా, ఆ పాట ఇంకొకరు పాడతారు అని చెప్పాను. "సరే సార్" అని పెట్టేశాడు.

హైదరాబాదు నుంచి పాట వచ్చింది. ఆ గాయకుడు బాగా పాడాడు, వంక పెట్టడానికి లేదు. గిటారుతో కలిపి మొత్తం వినిపించాను. అదే పులుపు. శ్రీధర్ నా ముఖం చూశాడు, నేను స్పీకర్ల ముఖం చూశాను. మిక్సింగ్‌లో సర్దుతానులే అని పంపించేశాను. సర్దడానికి నా దగ్గర ఏమీ లేదని నాకు తెలుసు.

ఆ తర్వాతి శుక్రవారం ఓబులేసు వచ్చాడు. మిగతా పాటలన్నీ అయిపోయాయి, తన పాటల నోటుబుక్కు మా దగ్గర మిగిలిపోయింది, దానికోసం. లోపలికి రాలేదు, బండి దిగలేదు. నేనే నోటుబుక్కు, రెండు కరక్ చాయ్‌లు పట్టుకెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. చాయ్ సగం అయ్యాక అతనే అన్నాడు.

"సార్, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవాకండి. నేను గిటారు ఇనుకుంటానే పాడినా. ముందు బండి ఎట్ల పోతే ఎనక బండి అట్లనే పోతాది గదా. ముందు బండి దావ తప్పితే, ఎనకోన్ది తప్పంటే ఎట్ల సార్?"

ఆ గిటారు శ్రుతి నేనే చూశానయ్యా అన్నాను, కాస్త దురుసుగానే.

"ఎప్పుడు చూసినారు సార్? నేను రాకముందు గదా" అన్నాడు.

అతను వెళ్ళిపోయాక లోపలికొచ్చి, చెయ్యాల్సిన పని చేశాను. మూడు వారాల క్రితమే చెయ్యాల్సింది. గొంతులన్నీ తీసేసి గిటారు, కీబోర్డు మాత్రమే పక్కపక్కన పెట్టాను. రెండూ రెండు శ్రుతుల్లో ఉన్నాయి. గిటారు తీగలు ఉక్కువి. చలిలో బిగించాం, వేడికి సాగాయి. మిగతా పాటల్లో గిటారు గది చల్లగా ఉండగానే కుదిరింది కాబట్టి ఇది బయటపడలేదు. ఆరూ ఒకే లెక్కన సాగడంతో గిటారు దానంతట అది వింటే ఏ లోపమూ తెలియదు. ఓబులేసు ఆ సాగిన గిటారును అణువంత కూడా వదలకుండా పట్టుకుని పాడాడు. నేను దిద్దకముందటి గొంతును తీసి ఆ గిటారుతో పెట్టి విన్నాను. నలభై ఏళ్ళ వృత్తిలో అంత నిక్కచ్చిగా శ్రుతిలో ఉన్న గొంతులు వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, పైగా దాన్ని బిగించింది నేను. సిగ్గేసింది.

సరిదిద్దడానికి పట్టింది పది నిమిషాలు. కీబోర్డు మీద శ్రీధర్ ఏ మెట్టు ఎప్పుడు నొక్కాడో కంప్యూటర్లో ఉంటుంది, శ్రుతి మనం ఎంతంటే అంతకి మార్చుకోవచ్చు. దాన్ని గిటారు స్థాయికి దించాను. పాట అతుక్కుంది. పది నిమిషాల పనికి ఒక మనిషిని మూడు వారాలు తలదించుకునేలా చేశాను.

సాయంత్రం శ్రీధర్‌నీ లింబాద్రినీ పిలిపించి, వినిపించి, తప్పు నాదని చెప్పాను. శ్రీధర్ చాలాసేపు నవ్వాడు, ఆ నవ్వులో సగం కోపమే. హైదరాబాదు ఆయనకు ఏం చెప్పుకోవాలో అని ఫోను తీసుకుని బయటికి నడిచాడు. లింబాద్రి మాత్రం తన గిటారును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "సైట్ల ఇనుము ఎండకు సాగుతదని నాకెర్కే సార్. గీ తీగలు గూడ ఇనుమే అన్న సోయి రాలే" అన్నాడు. తప్పులో వాటా అడిగిన గిటారిస్టును అతన్నొక్కణ్ణే చూశాను.

ఇక ఓబులేసు. ఇండియా ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. స్టూడియోకి రమ్మంటే టైము లేదన్నాడు. మేడమ్ వాళ్ళు సూపర్‌మార్కెట్లో ఉన్నారని తెలుసుకుని పార్కింగ్‌కి నేనే వెళ్ళాను. బండిలో పాట వినిపించాను. చివరిదాకా విన్నాడు. క్షమించమని అడిగాను. ఫోను తీసి నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు.

"మా ఇంటామె సార్. పాట పాయెనని చెప్పినా. తిరిగొచ్చిందని నేను చెప్తే నమ్మదు, ఓదార్చుకోను చెప్తాండానుకుంటాది. మీరే చెప్పండి."

ఆమె పేరు నాకు తెలియదు. నమస్తే అమ్మా అని, నేను ఫలానా అని చెప్పుకుని, మీ ఆయన పాట ఆయనే పాడాడు, ఆల్బంలో ఆయన గొంతే ఉంటుంది అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె సంతోషించలేదు.

"మూడు వారాల నుంచి ఆయప్ప ఫోన్‌లో ఒక్క పాటా పాడలేదు సార్. రోజూ పాడేటోడు. గొంతు బాగలేదని చెప్పినోడు ఎవురు సార్?"

ఓబులేసు స్టీరింగు వైపు చూస్తున్నాడు. ఎవరో పొరపాటు పడ్డారని తప్పించుకోవచ్చు, యంత్రం అలా చూపించిందని కూడా అనొచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి.

"నేనేనమ్మా" అన్నాను.

"అట్లనా. సరే, ఆయప్పకు ఇయ్యండి" అంది. ఇచ్చాను. మేడమ్ వాళ్ళు బయటికొస్తున్నారు, నేను బండి దిగిపోయాను.

ఆల్బం ఆ నెలాఖరుకే విడుదలైంది. మొదటిదానంత ఆడిందని చెప్పను, కానీ 'దావ నాది' పాట మాత్రం ఆడింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా రెండు పనులు మానలేదు. ఏసీ కట్టేసిన గదిలో ప్రతి టేకుకీ ముందు శ్రుతి మళ్ళీ చూసేవాణ్ణి. ఎవరి గొంతు తప్పిందనిపించినా, ఆ మాట వాళ్ళతో అనేముందు నేను చేసిన పనిని విప్పి చూసుకునేవాణ్ణి. మొదటిది ఏ కాలేజీలోనైనా నేర్పుతారు. రెండోది నాకు నేర్పింది ఆ ఫోన్లో అవతలి మనిషి.