విత్తే పదునులో పోయిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కోడుమూరు చుట్టుపక్కల బంధువులకు కబురు అందింది. దూరాన ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జబ్బేమీ లేదు. పొద్దున బొరుగుల ఉగ్గాని తిని, కారం చాలలేదని నా భార్యను ఆటపట్టించి, వసారాలో గోడకానుకొని కూర్చుంది. మధ్యాహ్నం నీళ్లిద్దామని పోతే పలకలేదు. తొంభై దాటాయని అందరూ అంటారు. వయసెంతని అడిగితే ఆమె మాత్రం "నీకెంత కావల్ల?" అనేది.

ఆమె మా అమ్మకు అక్క. పెనిమిటి వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. నన్ను పెంచుకుంది. ఉన్నది ఒక ఎర్రనేల చెక్క, వాన పడితేనే పంట. అలాంటి నేలను నమ్ముకున్న మనిషికి అంత నవ్వు ఎక్కడిదో నాకు తెలియదు. ఒకసారి శ్రీశైలం బస్సులో కండక్టరు సీటు చూపిస్తే, "కూర్చునేదానికి ఇల్లుండాదిలేప్పా, కొండ సూడనీ" అని ఘాట్ అంతా నిలబడే వచ్చింది. నాకు కళ్లు తిరిగి ఆమె సంచిలోనే వాంతి చేసుకున్నాను. ఆ కథ ఊళ్లో చాలా ఏళ్లు చెప్పింది.

విత్తేటప్పుడు ఎద్దులు లాగే గొర్రు వెనక ఆమే నడిచేది. కొర్రలు సన్నవి కాబట్టి ఇసుక కలిపి ఒడిలో పోసుకొని, గొర్రు మీది కొయ్యగిన్నెలోకి పిడికిలి సందు నుంచి వదిలేది. నోరు ఊరి ముచ్చట్లు చెప్పి నవ్వుతూనే ఉండేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు. నడుము వంగాక గట్టు మీద కూర్చొని మమ్మల్ని ఎగతాళి చేసేది.

చావు పడిన ఇంటివాళ్లు మైల తీరే పెద్ద దినం అయ్యేదాకా గొర్రునూ విత్తనాన్నీ ముట్టకపోవడం మా ఆచారం. అందుకే, "నేను ఇత్తే పొద్దులో సావనులేప్పా, మీకు పని సెడతాది" అనేది. ఆ మాట నిలబెట్టుకోలేదు.

ఈ ఏడు రెండుసార్లు విత్తాం. రెండుసార్లూ మొలిచి ఎండిపోయింది. నాకిక ఓపిక లేకపోయింది. మిగిలింది చిన్న కొర్రల మూట. అది వండుకు తిని హైదరాబాదుకు కట్టుబడి పనికి పోదామని నా భార్యతో అంటుంటే పెద్దమ్మ విన్నది.

"వానొచ్చినాక నవ్వుదాములే అనుకుంటే ఈ సీమలో నోరు తెరిసేది ఎప్పుడప్పా?"

"నవ్వితే మొలుస్తాయా పెద్దమ్మా?"

"ఏడిస్తే మొలిసినాయా మరి?"

మరునాడు ఆ మూట ఒడిలో పెట్టుకొని, కర్ర పట్టుకొని పక్కింటికి పోయింది. పక్కింటి మామది దూదేకుల కుటుంబం, సాయిబుల ఇల్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. "మావాడు ఉడకేసుకొని తింటాడు, మీ ఇంట్లో ఉండనీ" అని అక్కడ పెట్టి వచ్చింది. ముసలితనపు చాదస్తం అనుకున్నాం.

ఆమెను మట్టి చేసి వచ్చిన సాయంత్రమే వాన పట్టుకుంది. తెల్లారేసరికి చేను మంచి పదును మీద ఉంది. ఎర్రనేలలో ఆ తడి రెండు మూడు రోజులే. అది ఆరితే ఊరు విడవడమే. నేను అరుగు మీద కూర్చున్నాను. పక్కింటి మామ వచ్చాడు.

"ఏమప్పా, అట్ల కూర్చున్యావు?"

"నేల ఆరిపోతాండాది మామా. ముట్టకూడదు."

"నువ్వు ముట్టొద్దులే. గొర్రు నాది, ఎద్దులు నావి, మూట నా ఇంట్లో ఉండాది. మైల మీకు గానీ మాకు యాడిది? 'నేను పోయినాక వానొస్తే వాడు మొగం ఏలాడేసుకొని కూర్చుంటాడు, నువ్వు పోయి ఇత్తు' అని అక్క మూట ఇచ్చిన పొద్దే సెప్పి పెట్టింది."

చావుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన, "చేను ఈళ్లది గదా, ఎట్లయినా తప్పే" అని గొణిగాడు.

"చేను అక్కది. తప్పొప్పులు ఆమెనే అడుగుపో" అన్నాడు మామ.

ఆయన గొర్రు తోలాడు. ఆయన భార్య, మేము అత్త అని పిలిచే ఆమె, వెనక నడిచి గింజలు వదిలింది. నేను గట్టు దాకా కూడా పోలేదు.

పెద్ద దినం అయ్యాక అందరం చేనికి పోయాం. మొలక లేచింది. సాళ్లు తిన్నగానే ఉన్నాయి గానీ అక్కడక్కడా తెగిపోయాయి. అత్త సిగ్గుపడింది.

"నీ వాంతి కథ మతికొచ్చిందప్పా. నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి ఆగిపోయింది. నవ్వుకుంటానే ఎట్ల ఇడిసేదో ఆ యమ్మ."

ఆ ఖాళీల్లో మళ్లీ గింజ వేయలేదు. మరో వాన ఇంకా రాలేదు. హైదరాబాదు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. పొద్దు వాలేటప్పుడు పోయి, గట్టు మీద ఆమె కూర్చునే చోటి పక్కన కూర్చుంటున్నాను. ఎర్రమట్టిలో సన్నటి పచ్చగీతలు, నడుమ నడుమ జానెడు ఖాళీ, మళ్లీ పచ్చగీత.