ఎనిమిది ఇంటు మార్కులు

మా టైపు సారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. ఆ కబురు నాకు నల్లగొండ బస్టాండు పక్క చాయ్ హోటల్లో తెలిసింది. చెప్పినాయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ చెప్పాడు: "ఎరికేనా? పేర్లు అమ్ముకున్న సాయిబు పోయిండంట." ఒకరిద్దరు నవ్వారు. నా నోట్లో సమోసా ఉంది. మింగాను. బి.ఎ. ప్యాసైనవాణ్ని, పదిమందిలో ఎవరి మాటకైనా వెంటనే ఎదురు మాట వేయగలవాణ్ని, ఆ పూట నాకు ఒక్క మాటా దొరకలేదు. అందుకే ఈ నాలుగు కాగితాలు.

సారు పేరు ఇక్కడ రాయను. మంది పేర్లు దాచిపెట్టి బతికిన మనిషి పేరును నేను బజారున పెట్టడం మర్యాద కాదు.

తహసీలు కచేరీ ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు కింద ఒక బల్ల, బల్ల మీద ఒక టైపు మిషను, మిషను వెనక సారు. నిజాం కాలంలో ఆయనది ఉర్దూ నకళ్లు రాసే నౌకరీ. సర్కారు మారింది, కాగితాల భాష మారింది, సారు ఇంటికొచ్చారు. నలభై దాటిన వయసులో ఇంగ్లీషు టైపు నేర్చుకున్నారు. "సర్కార్లు మారితే గరీబోడు వేళ్లు మార్చుకోవాలె బేటా" అనేవారు. ఆ మిషను ఏ వేలంలోనో కొన్నది. అందులో ఒకటి రెండు అక్షరాలు అరిగిపోయి సగమే పడేవి. మిగతా సగం తహసీలుదార్లు తమ తెలివితో పూరించుకునేవారు.

నేను కాలేజీలో ఉండగానే మా బాపు నన్ను ఆయన దగ్గర టైపుకు వేశాడు. "నీ చదువుకు నౌకరీ వస్తదో రాదో, వేళ్లకన్న రానీ" అన్నాడు. మొదటి రోజే సారు మిషను మీద తువ్వాల కప్పి, నా చేతులు దాని కిందికి తోశారు. "చూడకుంట కొట్టు. చూస్తే వేళ్లకు బద్ధకం వస్తది." అట్లా నా విద్యాభ్యాసం ఒక తువ్వాల కింద ఆరంభమైంది. పెళ్లికూతురికి కూడా అంత సేపు ముసుగు ఉండదు.

ఆ తువ్వాలకు ఇంకో పని ఉండేది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు పటేలు మీదనో, ఇంకో పెద్దమనిషి మీదనో ఫిర్యాదు కొట్టించుకునేవాళ్లు. కళ్లారా చూసిన మనిషి పేరు అందులో ఉండాలి. అసలు కాగితం అధికారికి పోతుంది, నకలు ఎదుటివానికి పోతుంది. నకల్లో ఆ పేరు కనిపించిందా, చెప్పినవాడు ఊళ్లో బతకలేడు. అందుకని పేరు దగ్గరికి రాగానే సారు తువ్వాల కప్పేవారు. వచ్చినాయన చెవిలో చెప్పాలి, సారు గుడ్డ కింద కొట్టాలి. చుట్టూ నిలబడ్డవాళ్లకు టకటక వినిపించేది, అంతే. నకలును వేరేగా కొట్టేవారు. కార్బన్ పెట్టేవారు కాదు, అది చాడీలు చెప్పే కాగితమట. నకల్లో పేరు రావలసిన చోట ఎక్స్ అక్షరంతో ఇంటు మార్కులు పడేవి. ఎవరైనా పేరును చీటీ మీద రాయించుకొస్తే, పనైపోయాక సారు ఆ చీటీని అంటించి బీడీ ముట్టించుకునేవారు. లోకమంతా బీడీ అగ్గిపుల్లతో ముట్టిస్తుంది, మా సారు రహస్యాలతో ముట్టించేవారు.

ఇంటు మార్కులు ఎప్పుడూ ఎనిమిదే. నాకది చూస్తే నవ్వొచ్చేది.

"పొట్టి పేరోనికి ఎనిమిది, పొడుగు పేరోనికి ఎనిమిదేనా సార్? గిది అన్యాయం."

"మల్లయ్య అని ఇంగ్లీషుల కొట్టు. ఎన్ని అక్షరాలు?"

"ఎనిమిది."

"లింగయ్య?"

లెక్కపెట్టాను. "ఎనిమిదే."

"ఊళ్లల్ల సగం మంది కొలత గదే. అందరు ఒక్క గొంగడి కింద పండుకుంటే ఎవడు ఎవడో ఏం తెలుస్తది? ఒక్కని కాళ్లు బయటికొచ్చినయనుకో, వాడు దొరికిపోతడు."

ఈ గొంగడి సిద్ధాంతాన్ని నేను కాలేజీలో సారు గొంతుతో, సారు దగ్గుతో సహా చేసి చూపించేవాణ్ని. మంచి పేరొచ్చింది.

ఒక శుక్రవారం సారు నమాజుకు పోయారు. నకిరేకల్ అవతలి ఊరి నుంచి ఒక గొర్ల కాపరి వచ్చాడు. వాళ్ల ఊళ్లో పశువులు మేసే బంచరాయి ఉంది. పటేలు దాని హద్దురాళ్లు పీకించి తన చేన్లో కలుపుకున్నాడు. రాళ్లు పీకుతుంటే చూసినవాడు ఇతనొక్కడే. బంచరాయి పోతే ఊరి మందలకు మేత లేదు. కాగితం తీసుకునే గుమాస్తా మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతాడని ఎవరో భయపెట్టారట, మనిషి నిలబడ్డచోట నిలబడటం లేదు. నేను పోయి సారు కుర్చీలో కూర్చున్నాను.

"సారు రానీ బాబు" అన్నాడు.

"ఎందుకే? నేను కొడితే అక్షరాలు పడయా?"

"గట్ల గాదు. పేరు కానరావొద్దు."

"నీ పేరు నీ గొర్లకు గూడ కానరాదు. చెప్పు."

వంగి నా చెవిలో చెప్పాడు. లక్ష్మీనర్సయ్య.

"అబ్బో! గింత పేరుకు బస్సుల రెండు టికెట్లు కొడుతరే."

"మా అవ్వ గుట్ట మీది సామికి మొక్కుకొని పెట్టింది బాబు" అని నవ్వాడు. ఆ మనిషి నవ్వగా మళ్లీ చూడలేదు.

అసలు కాగితం తువ్వాల కిందనే కొట్టాను. నకలు దగ్గర నాలోని విద్యావంతుడు మేల్కొన్నాడు. సారు పద్ధతిని బాగుచేద్దామనిపించింది. పేరుకు ఎన్ని అక్షరాలో అన్ని ఇంటులు కొట్టాను. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. పదిహేను. వరుసగా, ముచ్చటగా పడ్డాయి. కాపరికి ఇంగ్లీషు రాదు. నల్లటి గీత చూసుకుని, నాకు దండం పెట్టి, కచేరీలో ఇచ్చి బస్సెక్కాడు.

సారు వచ్చారు. చెప్పాను.

"ఎన్ని కొట్టినవ్?"

"పదిహేను సార్. కరెక్టుగ."

తిట్టలేదు. టోపీ బల్ల మీద పడేసి కచేరీలోకి ఉరికారు. ఒక చెప్పు మెట్ల మీదనే ఊడిపోయింది. నకలు అప్పటికే పటేలు మనిషి చేతికి పోయింది. తిరిగొచ్చి ఆ ఒంటి చెప్పుతోనే చాలాసేపు కూర్చున్నారు.

పటేలు అల్లుడు పట్నంలో చదివినవాడు. పెన్ను మొనతో ఇంటులు లెక్కపెట్టాడట. బంచరాయికి మందలు తోలేవాళ్ల పేర్లు పక్కన రాసుకున్నాడట. పదిహేను గళ్లలో పట్టిన పేరు ఒక్కటే. గొంగడి కింద నుంచి కాళ్లు బయటికొచ్చాయి. తరవాత ఆ మందకు బావి నీళ్లు బందు. ఆ ఇంటికి చాకలి బందు, మంగలి బందు. గొర్లను వచ్చిన ధరకు అంగట్ల తెగనమ్మించారు. చూసిన మనిషి చూడలేదని వేలిముద్ర వేశాడు, ఫిర్యాదు కొట్టేశారు. బంచరాయిలో పటేలు ఆముదాలు వేశాడు.

ఒకనాడు అతను షెడ్డు దగ్గరికి వచ్చాడు. చేతిలో కట్టె లేదు. కట్టె లేని గొర్ల కాపరిని నేను అంతకు ముందు చూడలేదు.

"సారూ, అందరికి ఎనిమిదే పెడుతవంట గదా. నాకు పదిహేను ఎందుకు పడ్డయ్?"

నేను మిషను పక్కనే నిలబడ్డాను. నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి మాట రాకముందే సారు అన్నారు: "పిలగాన్ని నేనే గట్ల కొట్టమన్న."

"పటేలు ఏమిచ్చిండు?"

సారు కాగితాలు సర్దుతూ కూర్చున్నారు. అతను మిషను మీది తువ్వాల లాగి ఆయన ఒళ్లోకి విసిరాడు. "గిది మిషనుకెందుకు? నీ మొఖం మీద కప్పుకో." వెళ్లిపోయాడు. షెడ్డు చుట్టూ నిలబడ్డవాళ్లంతా విన్నారు.

"ఎందుకు సార్ గట్లన్నరు?" అని అడిగాను, వాళ్లు పోయినంక.

"నీది ఇంకా కొట్టని కాగితం బేటా. నాది రెండు దిక్కుల నిండింది. ఒక మరక ఎక్కువైతే ఏం ఫికర్?"

"రేపు పోయి నిజం చెప్త సార్" అన్నాను. ఆ రేపుకు ఇప్పటికి రెండేళ్లు. మొదట పరీక్షలని, తరవాత నౌకరీ దరఖాస్తులని, ఆ తరవాత పాత ముచ్చట ఎందుకు తవ్వడమని. సాకులు కల్పించడంలో మన పట్టభద్రులను మించినవాళ్లు లేరు. ఈలోగా పల్లెలకు మాట పాకింది: సాయిబు పేర్లు అమ్ముకుంటున్నాడు. షెడ్డు ముందర మనుషులు తగ్గారు, ఆఖరికి ఎవరూ రాలేదు. సారు మాత్రం పొద్దున్నే వచ్చి, తువ్వాల దులిపి, మిషను మీద కప్పి కూర్చునేవారు. నేను పోతే కుర్చీ జరిపి "తిన్నవా?" అనేవారు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిడితే నాకు కొంత హాయిగా ఉండేది.

సారును మోసుకుపోయిన జనాజా వెంట పది మంది కూడా లేరు. కచేరీ వాళ్లు గేటు దగ్గర నిలబడి చూశారు.

మొన్న ఆదివారం నందికొండ డ్యాం పని దగ్గరికి పోయాను. ఆ కాపరి అక్కడ రాళ్లు మోస్తున్నాడు, అతని భార్య కూడా. సారు పోయారని, ఎనిమిదే కొట్టాలని ఆయన నాకు నేర్పారని, పదిహేను నా తెలివేనని, పటేలు దగ్గర సారు గుక్కెడు నీళ్లు కూడా తాగలేదని చెప్పాను. నెత్తి మీది రాయి దించకుండానే విన్నాడు.

"గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి?"

అతను రాయి దించాడు.

"మొఖం మీద కప్పుకొమ్మన్న బాబు నేను. గంత పెద్దాయనను." మళ్లీ రాయి మీద చెయ్యి వేసి అడిగాడు: "ఆఖరికి ఏమన్న అన్నడా?"

ఏమీ అనలేదని చెప్పాను. అది నిజమే. దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు సారు కళ్లు మూసుకునే ఉన్నారు. నేను వచ్చినట్టు తెలుసో లేదో. ఎడమ చెయ్యి దుప్పటి కింద ఉంది. అందులో ఒక్క వేలు, ఉంగరపు వేలు, కదులుతోంది. ఆయన దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లకు తెలుసు, ఇంటు కొట్టే వేలు అదే. నేను దుప్పటి మీంచి లెక్కపెట్టాను. ఎనిమిది కాగానే ఆగింది. కొంచెం ఊపిరి తీసుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.